ఎదుగు బిడ్డల యాహారము - అందమను భ్రమ

మన యిండ్లకు చుట్టములు వచ్చినప్పుడు గడప దాటకముందే పలుకు మొదటి మాట యెట్లుండునో మీకందఱకును దెలిసినదే. కుశలప్రశ్నకు మాఱుగా, ఎదుట నిలిచిన పిల్ల దేహమును గూర్చి తీర్పు చెప్పుట మనకు వాడుకయై పోయినది. "ఏమే, ఇలా లావైపోయావేమిటే?" అని యొకరు, "అయ్యో, ఎండుపుల్లలా అయిపోయిందేం వదినా మీ పిల్ల?" అని మఱియొకరు, "కాస్త రంగు తగ్గినట్టుందే" అని వేఱొకరు. అనువారి మనస్సులో కీడు లేదు, ప్రేమతోనే యందురు. కాఫీ త్రాగి గ్లాసు క్రింద పెట్టునంతలో ఆ మాటను వారు మఱచెదరు. వినిన పదుమూడేండ్ల బాలిక మాత్రము మఱవదు. ఆ రాత్రి యామె కంచములో నొక ముద్ద తగ్గును. మఱునాటి యుదయమున ఫలహారము మానును. ఇట్లు తగ్గిన ముద్దలవలన నామె రక్తమునకును, ఎముకలకును, మనస్సునకును కలుగు నష్టమెంతటిదో తెలిసికొనుట తల్లులమైన మనకు మిక్కిలి యవసరము.

పదియవ యేటనుండి పందొమ్మిదవ యేటివఱకు గల కాలమును వైద్యులు కౌమారమందురు. శైశవము గడచిన పిమ్మట మానవదేహము ఇంత వేగముగా పెరుగు కాలము మఱియొకటి లేదు. పెద్దవారైన పిదప నుండవలసిన బరువులో ఇంచుమించు సగమును, ఎత్తులో సుమారు ఐదవవంతును ఈ కాలమునందే చేకూరును. ఎముకలలో నిలువయుండవలసిన సున్నపు ధాతువులో చాల భాగము ఇప్పుడే కూడవలయును. ఈ యదను దాటిపోయిన పిమ్మట ఎన్ని మాత్రలు మ్రింగినను ఆ లోటు పూర్తిగా తీఱదు. విత్తుకాలమున నీరు పెట్టని చేనికి కోతకాలమున చెఱువంత నీరు పెట్టిన ఫలమేమి?

ఆడుపిల్లలలో ఈ పెరుగుదల మగపిల్లలకంటె సుమారు రెండేండ్లు ముందుగానే మొదలగును. రజస్వలలగు సమయమున తుంటియందును, తొడలయందును కొంత క్రొవ్వు చేరుట ప్రకృతి చేసిన యేర్పాటు. ఋతుక్రమము సరిగా నడచుటకు అది యుండితీరవలయును. దానినే చూచి మనము "పిల్ల లావెక్కుచున్నది, అన్నము తగ్గింపుడు" అనుచున్నాము. పూతకు వచ్చిన కొమ్మ బరువెక్కినదని కొట్టివేయు తోటమాలి యెక్కడనైన గలడా?

ఎదుగు బిడ్డ కెంత యాహారము కావలయునో చెప్పుటకు మనకు చేరువలోనే పెద్దలు గలరు. 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో నారంభించిన పరిశోధనశాల, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు దాల్చినది. ఆ సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్కను చూడుడు. కాయకష్టము లేక యింటిపట్టున నుండు స్త్రీకి దినమునకు సుమారు 1,660 కాలరీల యాహారము చాలును. పదుమూడు మొదలు పదునైదేండ్ల వఱకుగల బాలికకో, 2,400 కాలరీలు కావలయును. ఇనుప ధాతువు పెద్ద మగవానికి దినమునకు 19 మిల్లీగ్రాములు చాలగా, ఈ బాలికకు 30 మిల్లీగ్రాములు కావలయును. అనగా కూతురి కంచము తల్లి కంచముకంటె పెద్దదిగా నుండవలయును. ఇనుము విషయమున తండ్రి కంచముకంటె గూడ ఘనమైనదిగా నుండవలయును. మన యిండ్లలో జరుగుచున్నది దీనికి సరిగా తలక్రిందులు.

ఫలమెట్లున్నదో చూతము. 2019 మొదలు 2021 వఱకు మన దేశమంతట జరిగిన యైదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు మొదలు పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అదే యీడు మగపిల్లలలో నూటికి 31 మందికి మాత్రమే యున్నది. ఆంధ్రప్రదేశమున బాలికల లెక్క నూటికి 60. తెలంగాణమున 64కు పైమాట. పండ్రెండేండ్లు నిండిన బాలికకు డెసిలీటరు రక్తమున 12 గ్రాముల హీమోగ్లోబిన్ లేనిచో అది రక్తహీనతయే. మెట్లెక్కునప్పుడు ఆయాసము, కనుఱెప్పల లోపలిభాగము పాలిపోవుట, చదివినది నిలువకపోవుట, తలతిరుగుట, ఊరక నీరసము - ఇవి దాని గుఱుతులు. పాపము, ఇట్టి పిల్లనే మనము "సోమరిపోతు" అని తిట్టుచుందుము.

మావారు ఉపాధ్యాయులగుటచేత బడి ముచ్చటలు మా యింట ననుదినము వినబడుచుండును. ఉదయపు ప్రార్థనవేళ ఎండలో నిలువలేక యొక్కొక్క బాలిక సొమ్మసిల్లి పడిపోవుట ఆయన పలుమాఱులు చూచిరి. నీళ్లు చల్లి కూర్చుండబెట్టి "ప్రొద్దున ఏం తిన్నావమ్మా?" అని యడిగినచో తల యడ్డముగా నూపుదురట. వారిలో కొందఱి యిండ్లలో ప్రొద్దున పొయ్యి వెలుగదు. మఱి కొందఱి యిండ్లలో ఇడ్డెనలు, చట్నీ మూతపెట్టి యుండును గాని బిడ్డ ముట్టదు, నడుము సన్నబడవలయునట! మొదటిది లేమి తెచ్చిన యాకలి. రెండవది అద్దము తెచ్చిన యాకలి. రెంటికిని కారణములు వేఱైనను రక్తమునకు మాత్రము ఆ భేదము తెలియదు. అది రెండిండ్లలోను ఒక్క తీరుగనే పలుచనగుచున్నది. మునుపు లేమితో మాత్రమే పోరాడిన మనదేశమునకు ఇప్పుడీ రెండవ యాకలి క్రొత్తగా తోడైనది.

ఈ యద్దపు టాకలి యెక్కడనుండి వచ్చినది? చిన్ననాట మా తండ్రిగారియొద్ద ప్రబంధములు చదువుకొనునప్పుడు, నాయిక నడుము ఉన్నదో లేదో యని కవులు సందేహపడుట చూచి నేను నవ్వుచుండెడిదానను. "అది అతిశయోక్తి తల్లీ! అలంకారమే గాని కొలబద్ద గాదు" అని ఆయన చెప్పుచుండెడివారు. ఆ మాటలోని లోతు నేడు నాకు మఱింత తెలియుచున్నది. అతిశయోక్తియని కవికి దెలియును, చదువరికిని దెలియును. అందుచేత ఏ బాలికయు ఆ నడుమును తనకు సంపాదింపవలయునని యన్నము మానలేదు. నేటి చేతి ఫోనులోని బొమ్మ యట్లు గాదు. అందు నడుమును సన్నబఱచి, చెక్కిళ్లను నున్నచేసి, మేనిరంగును తేటపఱచు నుపాయములు వ్రేలికొనయందే యున్నవి. అదియు అతిశయోక్తియే, కాని అతిశయోక్తియని చెప్పువారు లేరు. పిల్ల దానిని నిజమని నమ్మి, అద్దములోని తన నిజరూపమును తప్పని యెంచుకొనుచున్నది. ఇన్‌స్టాగ్రామును నడపు సంస్థ లోలోపల చేయించుకొనిన పరిశోధన 2021లో బయటపడినది. తమ దేహమును గూర్చి కుందుచున్న బాలికలలో నూటికి 32 మంది, ఆ బొమ్మలు చూచుటవలన తమ కుందు మఱింత పెరిగినదని చెప్పినట్లు అందున్నది.

మేనిరంగు మాటయు నిట్టిదే. ద్రౌపదికి కృష్ణయను పేరు ఆమె నల్లని చాయనుబట్టియే కలిగినది. ఆమె సౌందర్యమునకు స్వయంవరమున రాజలోకమంతయు మోహితమయ్యెనని భారతము చెప్పుచున్నది. నీలమేఘశ్యాముని ప్రతిదినము పూజించుచు, ఇంట పుట్టిన చామనచాయ బిడ్డను చూచి నిట్టూర్చుట మనకే చెల్లినది. పెండ్లిచూపులనాడు రానున్న ప్రశ్నలకు జడిసి పదేండ్ల ప్రాయముననే బిడ్డను పూతలకును, పస్తులకును అలవాటు చేయుట కన్నబిడ్డకు మనమే చేయు నపకారము గాదా?

అందమునుగూర్చిన తలపు ఎంత త్వరగా మాఱునో, దానితో తిండి యెట్లు మాఱునో తెలియుటకొక దృష్టాంతము చెప్పెదను. ఒకప్పుడు మన తెలుగు కూలీలును ఓడలెక్కి పోయిన ఫిజీ దీవులు పసిఫిక్ మహాసముద్రమున గలవు. అచ్చటి యాదివాసులలో నిండైన దేహము గౌరవమునకు గుఱుతు. వచ్చిన యతిథికి కడుపునిండ పెట్టుట, తినుమని బలవంతపెట్టుట వారి మర్యాద. ఎవరైన చిక్కిపోయినచో, వారిని బంధువులు సరిగా కనిపెట్టుట లేదని నలుగురును నొచ్చుకొందురు. 1995లో ఆ దీవులలోని నద్రోగా ప్రాంతమునకు మొదటిసారిగా టెలివిజను వచ్చినది. ఆన్ బెకర్ అను అమెరికా వైద్యురాలు అది వచ్చిన కొద్దివారములకే అచ్చటి పాఠశాల బాలికలను సుమారు 60 మందిని పరీక్షించెను. మరల మూడేండ్లకు, 1998లో, అదే యీడుగల మఱి యంతమందిని పరీక్షించెను. తిండి విషయమున రోగలక్షణములు గలవారు మొదట నూటికి సుమారు 13 మంది యుండగా, మూడేండ్లలో 29 మందియైరి. బరువు తగ్గుటకై తిన్నదానిని కావలయునని వాంతి చేసికొనువారు మొదట ఒక్కరును లేకపోగా, తరువాత నూటికి 11 మంది తేలిరి. నాలుగింట మూడువంతుల బాలికలు తాము లావుగా నున్నామని తలచుచుండిరి. వారి దేహములు మాఱలేదు. చూచెడి చూపు మాఱినది. తరతరముల మర్యాద మూడేండ్లలో నిట్లు సడలెను. మన బిడ్డల చేతులలో నున్నది ఆ టెలివిజనుకంటె నెన్నియో రెట్లు బలమైన పరికరమని మఱవరాదు.

"అన్నము తగ్గించినచో ఏమి, కొంచెము నాజూకుగా నుండును గదా" యని కొందఱందురు. ఆకలి దేహమును మాత్రమే కాదు, బుద్ధినికూడ తినివేయును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944-45 సంవత్సరములలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష జరిపెను. ఆరోగ్యవంతులు, స్థిరచిత్తులునగు 36 మంది యువకులు తమంతట తామే దానికి సమ్మతించిరి. ఆఱు నెలలు వారికి మునుపటి యాహారములో సుమారు సగమే పెట్టిరి. వారి బరువు నాలుగవవంతు తగ్గినది. అంతకంటె చిత్రమైనది వారి మనస్సులలోని మార్పు. పగలు రేయి తిండిని గూర్చియే తలపోసిరి. వంటపుస్తకములు ముందిడుకొని చదువుచు కూర్చుండిరి. కంచములోని మెతుకులను గంటలకొలది కలుపుచు నంజుచు గడపిరి. చెలిమి, నవ్వు, చదువుపై నాసక్తి నశించినవి; చిఱాకు, దిగులు మిగిలినవి. దృఢచిత్తులైన యువకులకే యిట్టి గతి పట్టినప్పుడు, పరీక్షల భారమును, వయస్సు తెచ్చు కలతను మోయుచున్న పదునాలుగేండ్ల పిల్ల మాట చెప్పవలయునా?

కొందఱు పిల్లలలో ఈ పస్తు నిజమైన వ్యాధిగా ముదురును. ఇంగ్లండు వైద్యుడగు విలియం గల్ 1870 ప్రాంతముల దీనిని వర్ణించి అనొరెక్సియా నెర్వోసా యని పేరు పెట్టెను. ఎముకలు తేలినను ఇంకను లావుగా నున్నానని బిడ్డ నమ్ముట దీని లక్షణము. మనోవ్యాధులలో ప్రాణములు తీయువానిలో నిది ముందువరుసలోనిది. తల్లులు కనిపెట్టవలసిన గుఱుతు లివి: నలుగురితో కూర్చుండి తినుటకు వంకలు చెప్పుట, తిన్న వెంటనే స్నానాలగదికి పోయి తలుపు వేసికొనుట, అద్దమునకును, బరువుచూచు యంత్రమునకును మాటిమాటికి పోవుట, ఎండకాలమునను చలియనుట, జుట్టు రాలుట, మొదలైన ఋతుస్రావము నెలలకొలది నిలిచిపోవుట. ఇవి కనబడినప్పుడు దిష్టి తీసి యూరకుండరాదు, గద్దించియు లాభములేదు. ఆలసింపక వైద్యునకు చూపవలయును. మనస్సు కలత చెందినవారికొఱకు 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ సంస్థకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా చెప్పుదురు. పైకము చెల్లింప నక్కఱలేదు.

లావుగా నున్న బిడ్డల సంగతి విడువరాదు. 2016-18 మధ్య కేంద్రప్రభుత్వము జరిపించిన పరిశీలనలో పది మొదలు పందొమ్మిదేండ్ల వారిలో నూటికి 24 మంది ఉండవలసినదానికంటె మిక్కిలి చిక్కియుండగా, సుమారు 5గురు అధికమైన బరువుతో నుండిరి. కనుక చిక్కుటయే మనకు పెద్ద జబ్బు. కాని రెండవదియు పట్టణములలో పెరుగుచున్నది. రంగుకాగితముల పొట్లములలోని వేపుళ్లు, సీసాలలోని తీపినీళ్లు, ఆట లేని సాయంకాలములు, చాలని నిద్ర - ఇవి దీనికి కారణములు. ఇందు బిడ్డ తప్పెంత? ఆ పొట్లములు కొని తెచ్చినది మనమే; ఆడుకొను స్థలమున నిండ్లు కట్టినది మనమే; తుదకు "పీపా"యని పేరుపెట్టి నవ్వుచున్నదియు మనమే. నవ్వినందున క్రొవ్వు కరగదు. వెక్కిరింతకు గుఱియైన బిడ్డ చాటుగా మఱింత తినుటయు, ఆటస్థలమునకు పోవుటకు సిగ్గుపడుటయు మాత్రమే కలుగును. బిడ్డ బరువు తగినదో కాదో పెద్దల లెక్కతో తేల్చరాదు. పిల్లలకు వయస్సునుబట్టి, ఆడు మగ భేదమునుబట్టి వేఱుగా కొలతల పట్టికలు గలవు. వానిని వైద్యుడు చూచి చెప్పవలయును. చుట్టపుచూపుగా వచ్చినవారు గాదు.

మగపిల్లల కీ బాధ లేదనుకొనుట పొరపాటు. వారికి సన్నని నడుమునకు బదులు ఉబికిన కండలు ఆశ చూపబడుచున్నవి. సినిమా కథానాయకుని దేహమును చూచి, పదునాఱేండ్ల బాలుడు ఇంటిలోని పప్పు, పెరుగు విడిచి, డబ్బాలలో నమ్ము పొడులకై తండ్రిని పీడించును. ఆ పొడులలో నేమేమి కలియునో కొనువారికి దెలియదు. బక్కపలుచని వానిని "గాలికి ఎగిరిపోతావురా" అని తోడిపిల్లలు గేలిచేయుదురు. మగవాడు గనుక వాడు పైకి ఏడువడు. ఏడువనంత మాత్రమున నొప్పి లేదనరాదు.

ఇంతకును మన చేతిలో నున్న మందేమి? మొదటిది మన నాలుక. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు రెండువేలకు పైబడిన బాలబాలికలను, వారి తలిదండ్రులను విచారించి యొక విషయము ప్రకటించిరి. బిడ్డ బరువును, ఆకారమును గూర్చి తలిదండ్రులు మాటలాడు నిండ్లలో పిల్లలు పస్తులుండుట, అనారోగ్యకరములైన యుపాయములు పట్టుట ఎక్కువగా నుండెను. బరువు మాట యెత్తక, ఏది మంచి యాహారమో దానిని గూర్చి మాత్రమే మాటలాడు నిండ్లలో అట్టివి తక్కువగా నుండెను. చూచితిరా! మేలుకోరి యన్నదైనను బరువు మాట కీడే చేసినది. తిండి మాట మేలు చేసినది.

కావున "లావు", "సన్నము", "నలుపు" అను మాటలను బిడ్డల యెదుట మన యింట పలుకకుందము. "ఈ చీరలో నేను ఏనుగులా ఉన్నాను" అని తల్లి యద్దము ముందర నిట్టూర్చినను, కూతురు ఆ పాఠమునే నేర్చుకొనును. పిల్లలను పలుకరించుటకు మాటలే కఱవైనవా? "ఏం చదువుతున్నావే తల్లీ? కొత్తగా ఏం పాట నేర్చుకున్నావు? ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలవు?" అని యడుగవచ్చును. దేహము చూచుటకు మాత్రమే కాదు, పరుగెత్తుటకు, పాడుటకు, బరువులెత్తుటకు దేవుడిచ్చిన సాధనమని బిడ్డ గ్రహించునట్లు మన ప్రశ్న లుండవలయును. చుట్టము లెవరైన ఆ మాట యెత్తినచో "పిన్నీ, పిల్ల ఎదుగుతోంది, దాని ఒళ్లు సంగతి మనకెందుకు? లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో అడుగు" అని నవ్వుచునే మాట మరల్పవచ్చును. బిడ్డ యెదుట బిడ్డ పక్షము వహించు తల్లి మాట బిడ్డకు జీవితాంతము కవచమై నిలుచును.

రెండవ మందు మన వంటిల్లు. దీనికి పెట్టెలలో వచ్చు పొడులు అక్కఱలేదు. రజస్వలయైన బాలికకు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి పెట్టు నాచారము మన పెద్దలు పెట్టినదే గదా! నూఱు గ్రాముల నువ్వులలో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు గలదు. ఆ ముచ్చటను నాలుగు దినములతో ముగింపక నెలకు నాలుగుమాఱులు చేసిన నేమి? సద్దుల బతుకమ్మనాడు తెలంగాణపు సోదరీమణులు చేయు నువ్వులసద్ది, పల్లీలసద్ది ఇట్టివే. నూఱు గ్రాముల రాగులలో సున్నపు ధాతువు 300 మిల్లీగ్రాములకు పైగా నుండగా, తెల్లబియ్యమున పది మిల్లీగ్రాముల పాటిది మాత్రమే యుండును. రాయలసీమవారి సంకటిని మోటుతిండియని తక్కువచేయువారు ఈ లెక్కను గమనింపవలయును.

ఇనుమునకు తోటకూర, మునగాకు, పప్పుదినుసులు, వేరుసెనగలు మంచివి. ఆకుకూరలలోని ఇనుము దేహమునకు సులభముగా పట్టదు. పులుపు తోడైనప్పుడు బాగుగా పట్టును. కాబట్టి పప్పులో నిమ్మకాయ పిండుట, భోజనముతో నుసిరికాయయో జామపండో తినుట మేలు. కాఫీ, టీలు ఇనుమును పట్టనీయవు గనుక భోజనమునకు ముందును వెనుకను ఒక గంటసేపు వానిని దూరముగా నుంచవలయును. తిను నలవాటుగలవారు గ్రుడ్డు, చేపలు, మాంసము బిడ్డలకు పెట్టినచో ఆ ఇనుము మఱింత చక్కగా పట్టును. శాకాహారులు పప్పును, పెరుగును ప్రతి పూట కంచమునుండి తప్పింపరాదు.

ప్రభుత్వపు బడులలో వారమున కొకమాఱు ఇచ్చు నీలిరంగు ఇనుపమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము గలదు. వికారమగునని కొందఱు పిల్లలు దానిని కిటికీలోనుండి పాఱవేయుదురు. కడుపునిండ భోజనము చేసిన పిమ్మట మ్రింగినచో ఆ వికారము చాలవఱకు తగ్గును. ఏటేట ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదుల ప్రాంతమున నులిపురుగులకిచ్చు మాత్రయు వేయింపవలయును. కడుపులోని పురుగులు రక్తమును హరించుచుండగా మనమెంత పెట్టినను ఫలములేదు. మధ్యాహ్నమున బడిలో పెట్టు భోజనమును పేదలదని చిన్నచూపు చూడరాదు. కోనసీమలోని లంకల గన్నవరమున ఆకలిగొన్నవారికి వేళగాని వేళ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి (1841-1909) పేరును 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ బడి భోజనమునకు పెట్టినది. పదిమందితో కలిసి పంక్తిలో కూర్చుండి తిను బిడ్డకు తిండిపై వెగటు పుట్టుట యరుదు. ఇంటనైనను, దినమున కొక్క పూట యెల్లరును కలిసి, ఫోనులు దూరముగా నుంచి, ఎవరి బరువు మాటయు నెత్తక భోజనము చేయు నలవాటు మిక్కిలి మంచిది.

మూడవది వడ్డనలోని న్యాయము. ఏకచక్రపురమున పాండవులు భిక్షాన్నము తెచ్చినప్పుడు, కుంతీదేవి దానిని రెండు పాళ్లు చేసి, ఒక పాలు భీమునికి పెట్టి, రెండవ పాలు తక్కినవారును తానును పంచుకొనెనని భారతకథ. అందఱకును సరిసమానముగా పెట్టుట న్యాయము గాదు. ఎవరి దేహమున కెంత యక్కఱయో యెఱిగి పెట్టుటయే న్యాయమని ఆ తల్లి యెఱుగును. నేడు మన యింట నెవరు భీములు? ఎదుగుచున్న బిడ్డలు. ఎదుగు కొడుకునకు రెండవమాఱు వడ్డించుటకు మనకెవరును చెప్పనక్కఱలేదు. కూతురి విషయముననే చేయి వెనుకాడును. తండ్రియు, అన్నదమ్ములును తినిన పిదప గిన్నె యడుగున మిగిలినది తల్లీకూతుండ్రు తినుట మన యిండ్లలో నింకను పోలేదు. అడుగున మిగులునది అన్నము, పులుసునీళ్లే గాని పప్పు గాదు, గ్రుడ్డు గాదు. ఆ పద్ధతిని కూతురికొఱకు మాన్పవలయును. కూతురు చూచి నేర్చుకొనును గనుక తల్లియు తనకొఱకు మాన్పుకొనవలయును.

సోదరీమణులారా! నేడు మన పెరటిలో త్రాడాట లాడుచున్న బాలిక పదేండ్లలో తల్లియగును. నేడామె రక్తమున లేని ఇనుము రేపు కడుపులోని శిశువునకు ఎక్కడనుండి వచ్చును? రక్తము చాలని తల్లికి బరువు చాలని బిడ్డ పుట్టుట, ఆ బిడ్డ మరల చిక్కిపోవుట యను గొలుసును త్రెంచు చోటు ఈ పది మొదలు పందొమ్మిదేండ్ల కాలమే. ఇందుకు పెద్ద ధనము అక్కఱలేదు. పెద్ద చదువు నక్కఱలేదు. బిడ్డ రూపమును గూర్చి నోటిని కొంత యదుపున నుంచుకొని, వడ్డించు చేతిని కొంత ధారాళము చేసికొనిన చాలును. ఈ రాత్రి వడ్డనలో పప్పుగిన్నె గరిటె ముందుగా కూతురి కంచమువైపునకు సాగుగాక!